తుమ్మెదకి తొలి కడవ

ఇటు తిరిగి పడుకో తల్లీ. కాళ్ళు చాపుకో. ఫ్యాను గాలి తగులుతోందా? సరే, కథ చెబుతాను. కానీ మధ్యలో "ఊఁ, తర్వాత, తర్వాత" అని నన్ను తరమకూడదు. కథ దాని నడక అది నడుస్తుంది, మనం వెనకాల వెళ్ళడమే.

మధ్యాహ్నం మన కుక్క బిస్కెట్‌గాడిని మేడ మీద బంతి వెంట పరిగెత్తించావు కదా, వాడు ఇంకా నీళ్ళ కుండ పక్కనే కూలబడి ఉన్నాడు, చూశావా? నేను తిట్టనులే. తిట్టేదుంటే అప్పుడే తిట్టేదాన్ని. నీకొక కుక్క కథ చెబుతాను, విను.

అనగనగా ఒక ఊరుండేది. ఊరంటే మన ఊరులాగా బస్సులూ బజార్లూ ఉన్న ఊరు కాదు. నాలుగు కొండలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఇరవై పూరిళ్ళు. అదీ ఊరు. పేరు ఉసిరిగెడ్డ. గెడ్డ అంటే కొండ మీంచి దిగే ఏరు. వానాకాలంలో ఆ గెడ్డ హోరు ఊరంతా వినబడేది. ఎండాకాలంలో ఇసక తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆ ఊళ్ళో సుక్రన్న అని ఒక వేటగాడు. శుక్రవారం పుట్టాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. అతని పెళ్ళాం దాలమ్మ. వాళ్ళకొక కుక్క. నల్లగా, నున్నగా, ఎండలో నిలబడితే నిగనిగలాడేది. అందుకని దాని పేరు తుమ్మెద. కళ్ళు తెరవకముందే తల్లి చచ్చిపోతే, దాలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ ముక్క అంబలిలో ముంచి చీకించి పెంచింది.

ఆ తుమ్మెద పరుగు చూడాలమ్మా. నేను చూడలేదు, మా అమ్మమ్మా చూడలేదు, అయినా చూసినట్టే చెప్పేది. కాళ్ళు నేల మీద ఆనేవి కావట. పొదలు కదిలేవి, కుక్క కనబడేది కాదు. కుందేలు ఇటు మళ్ళుతుందని కుందేలుకి తెలిసే లోపల తుమ్మెదకి తెలిసిపోయేది.

వేటాడటం ఇప్పుడు తప్పు, పట్టుకుని జైల్లో పెడతారు. ఇది మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన నాటి మాట. అప్పట్లో ఆ కొండల్లో చైత్రమాసం రాగానే వేట పండగ చేసేవాళ్ళు. ఆ రోజు మగవాళ్ళంతా తెల్లవారకముందే విల్లులూ బరిసెలూ పట్టుకుని, కుక్కల్ని తీసుకుని కొండెక్కాలి. పొద్దు వాలేసరికి తిరిగి రావాలి. ఊరి మొదట్లో ఆడవాళ్ళు అడవితీగలు పేని దారికి అడ్డంగా తాడు కట్టి నిలబడేవాళ్ళు.

వేట తెచ్చినవాడికి తాడు దించేవాళ్ళు, మెడలో పూలదండ వేసేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు. మరి ఉత్త చేతులతో వచ్చినవాడికి? పేడనీళ్ళు. నవ్వకు. నిజంగా పేడనీళ్ళే. కడవలకొద్దీ కలిపి ఉంచేవాళ్ళు. అతని నెత్తి మీద కుమ్మరించి, పాట కట్టి ఆడించేవాళ్ళు. ఎవరికీ కోపం రాకూడదు, అది పండగ మర్యాద. పైకి అందరూ నవ్వేవాళ్ళు. కానీ తడిసినవాడికి మాత్రం తల కొట్టేసినట్టు ఉండేది.

ఇప్పుడు సుక్రన్న సంగతి చెబుతాను. మొదటి ఏడు అతని వింటినారి పుటుక్కున తెగింది. ఉత్త చేతులతో వచ్చాడు, పేడనీళ్ళు పడ్డాయి. రెండో ఏడు ఒక కుందేలు వెంట పడి, దాని బొరియ ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కుందేలు అవతలి కన్నంలోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. మళ్ళీ పేడనీళ్ళు. పైగా మరదళ్ళు పాట కట్టారు.

"సుక్రన్న వచ్చాడు సూడరే,
సంకలో గాలి తెచ్చాడు సూడరే."

ఆ పాట పండగతో పోలేదు. వరి నాటేటప్పుడూ పాడారు, చోళ్ళు, అంటే రాగులు, దంచేటప్పుడూ పాడారు. సుక్రన్న పైకి నవ్వేవాడు, ఇంటికొచ్చి అన్నం మెతుకులు కెలుకుతూ కూర్చునేవాడు. మూడో ఏడు మాత్రం ప్రాణం పోయినా సరే వేటతోనే వస్తానని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరి ప్రాణమో మాత్రం చెప్పుకోలేదు.

మూడో ఏడు ఎండలు ముందే ముదిరాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఏడు చైత్రంలోనే పగిలేట్టున్నాయి. చెట్ల మీద పిట్టలు ముక్కులు తెరుచుకుని కూర్చునేవి.

పండగనాడు చుక్క పొడిచే వేళకి దాలమ్మ లేచింది. ఎండిన ఆనపకాయ లోపల తొలిచిన బుర్ర ఒకటి ఉండేది వాళ్ళకి, అందులో నీళ్ళు నింపింది. మొగుడి భుజానికి తగిలించి చెప్పింది.

"మావా, మూడు మాటలు సెప్తాను, ఇనుకో. పొద్దు నెత్తి మీదకి రాకముందే నీడకి సేరుకో. బండ మీద నడిచే ముందర నీ అరసెయ్యి ఆనించి సూడు, నీ సెయ్యి ఓర్సుకోనేకపోతే దాని కాలూ ఓర్సుకోనేదు. నీకు దాహమేసినప్పుడల్లా దానికీ ఏసిందనుకో. అది నోరిప్పి అడగదు, నువ్వే తెలుసుకోవాల."

సుక్రన్న "సరేలేయే" అన్నాడు. చెవిన ఇల్లు కట్టుకుని చెప్పినా, పంతం పట్టిన మనిషి చెవికి ఏం ఎక్కుతుంది?

అప్పుడు మగవాళ్ళంతా ఊరి మొదట్లో గుమిగూడారు. వాళ్ళకి పెద్ద గురన్న. తెల్లటి మీసాలు, నలభై ఏళ్ళ వేట. ఆయన మాటంటే ఆ ఊళ్ళో రాతి మీద గీత.

గురన్న ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "వేట పడేదాకా కుక్కకి నీల్లు సూపించకండిరా. కడుపు నిండిన కుక్కకి పరుగుండదు." వాళ్ళ తాతా ఇదే చెప్పాడు, ఆ తాతకి తాతా ఇదే చెప్పి ఉంటాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. సుక్రన్న కూడా తలూపాడు. ఇంట్లో చెప్పిన మాట ఒకటి, వాకిట్లో చెప్పిన మాట ఒకటి. అతను వాకిటి మాట పట్టుకుని బయల్దేరాడు.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ ఏమీ దొరకలేదు. ఆ తర్వాత ఎండెక్కింది. అవతలి కొండ మీద గురన్న వాళ్ళకి ఒక కొండగొర్రె దొరికింది. వాళ్ళు మద్దిచెట్ల కింద చేరి, చేతులూపి సుక్రన్నని కేకేశారు. ఎండ తగ్గాక మళ్ళీ చూద్దాం, నీడకి రమ్మన్నారు. సుక్రన్న వెళ్ళలేదు. అతనికి ఆ పాటే చెవుల్లో మోగుతోంది. తుమ్మెదని తీసుకుని, చెట్టూ చేమా లేని తూర్పు కొండ మీదకి మళ్ళాడు.

అక్కడ తుమ్మెద అతనికి మూడుసార్లు చెప్పింది. కుక్క ఎలా చెబుతుందంటావా? చెబుతుంది తల్లీ. మనకి కళ్ళుండాలి అంతే.

మొదటిసారి నాలుకతో చెప్పింది. మనకి వేడి చేస్తే ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడతాం. కుక్కకి ఆ సుఖం లేదు. దానికి అరికాళ్ళలో కాస్త చెమ్మ, మిగతాదంతా నాలుకే. తుమ్మెద నాలుక విస్తళ్ళు కుట్టే అడ్డాకంత వెడల్పుగా వేలాడింది, చొంగ తీగలు సాగింది. సుక్రన్న బుర్ర మూత తీశాడు. తుమ్మెద బుర్ర వైపు చూసింది. అతను గురన్న మాట గుర్తు తెచ్చుకుని, తానే తాగి మూత పెట్టేశాడు. ఒక్కో గుటకకీ దాని కళ్ళు పైకీ కిందకీ కదిలాయట. అయినా ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు.

రెండోసారి కాళ్ళతో చెప్పింది. నల్లబండలు వచ్చాయి. తుమ్మెద ఒక్కో కాలూ చటుక్కున ఎత్తుతూ, దించుతూ, పక్కకి పక్కకి నడిచింది. సుక్రన్న కాళ్ళకి తోలు చెప్పులున్నాయి. అతనికి నేల ఎలా ఉందో తెలీలేదు. దాలమ్మ చెప్పిన అరచెయ్యి మాట అతని చేతికి గుర్తు రాలేదు.

మూడోసారి నీడతో చెప్పింది. ఈ ముక్క చెప్పేటప్పుడు మా అమ్మమ్మ గొంతు తగ్గించేది. ఆ కొండ మీద నీడ అన్నది ఎక్కడా లేదు కదా, అందుకని తుమ్మెద సుక్రన్న నీడలో నడవడం మొదలుపెట్టింది. అతను ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అతని నీడ తగ్గి తగ్గి, అన్నం తినే కంచమంత అయింది. అంత కుక్కా ఆ కంచమంత నీడలో ముడుచుకోవాలని చూసింది. సుక్రన్న కిందకి చూసి, ఎంత వినయమో నా కుక్కకి అనుకున్నాడు.

అప్పుడు పొద కదిలింది. అడవిపంది. అలాంటిలాంటిది కాదు, వీపు మీద జుట్టు నిక్కబొడుచుకున్న పాత పంది, తెల్లటి కోరలు. సుక్రన్నకి మళ్ళీ ఆ పాట గుర్తొచ్చింది. ఈ పందిని మోసుకెళితే ఊళ్ళో ఏ పాటా మిగలదు.

"ఉస్కో తుమ్మెదా" అన్నాడు.

తుమ్మెద లేచింది తల్లీ. నాలుక ఎండిపోయింది, కాళ్ళు కాలిపోయాయి, కడుపులో చుక్క నీళ్ళు లేవు. అయినా ఎందుకు లేచింది? పంది కోసం కాదు. మాంసం కోసం కాదు. సుక్రన్న చెప్పాడని. కుక్కకి "నావల్ల కాదు" అన్న మాట రాదమ్మా. దేవుడు దానికి అన్నీ ఇచ్చి, ఆ ఒక్క మాటా ఇవ్వడం మరిచిపోయాడు. అందుకే ఆ మాట దాని తరఫున మనమే అనాలి.

పొద్దుటి పరుగే పరిగెత్తింది. పంది ముందు, తుమ్మెద వెనక, వాటి వెనకాల సుక్రన్న. బండలు దాటారు, ముళ్ళడొంక దాటారు, కొండ మలుపు దాటారు. అక్కడ రెండు పెద్ద రాళ్ళ మధ్య సందులో పంది ఇరుక్కుంది. వెనక్కి దారి లేదు. ముందు తుమ్మెద నిలబడింది.

సుక్రన్న వచ్చేసరికి అక్కడ చప్పుడు లేదు. తుమ్మెద మొరగడం లేదు, మొరగడానికి గొంతు లేదు. పంది నోట్లో నురగ. కుక్క నోట్లో నురగ. రెండూ ఒకదాని కళ్ళలోకి ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి.

సుక్రన్న బాణం ఎక్కించాడు. నారి చెవి దాకా లాగాడు. ఇక వదలడమే.

అప్పుడు తుమ్మెద వెనక కాళ్ళు మడతపడ్డాయి. నడుము నేలకి ఆనింది. అయినా ముందు కాళ్ళ మీద నిలబడే ఉంది, చూపు మాత్రం పంది మీంచి తిప్పలేదు. నువ్వు కొట్టేదాకా పట్టి ఉంచుతాను అన్నట్టు నిలబడింది. ఆ తర్వాత ముందు కాళ్ళు కూడా మడతపడ్డాయి. పక్కకి ఒరిగిపోయింది.

బాణం వదిలితే పంది పడుతుంది. పందికి కాళ్ళు కట్టి, కర్రకి గుచ్చి, ఊరి వాళ్ళని కేకేసి, మోసుకుపోయి, పూలదండ వేయించుకోవచ్చు. ఆ లోపల తుమ్మెద ఉండదు. సుక్రన్న పంది వైపు చూశాడు, తుమ్మెద వైపు చూశాడు. చివరికి నారి మెల్లగా వదులు చేసి, విల్లు నేల మీద పడేశాడు.

పంది కదిలింది. దానికి కోపం ఉండాలి కదా, అతన్ని చీల్చేయాలి కదా. చీల్చలేదు. అతని మోకాలికి ఒళ్ళు రాసుకుంటూ దాటి, తూలుకుంటూ కొండ దిగి వెళ్ళిపోయింది.

సుక్రన్న తుమ్మెద మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలిపోతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఇటుకరంగు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ వాటిలో చూపు లేదు. "తుమ్మెదా" అని పిలిచాడు. ఏ పిలుపుకైనా నిక్కబొడిచే ఆ చెవి కదల్లేదు.

అప్పుడు పెట్టాడమ్మా అరచెయ్యి బండ మీద. పెట్టినంత వేగంగా తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

బుర్రలో మూడు గుక్కల నీళ్ళున్నాయి. నోట్లో పోయబోయాడు. ఇంతలో దాలమ్మ దాన్ని పెంచేటప్పుడు అనే మాట గుర్తొచ్చింది, సొమ్మసిల్లినదానికి నోట్లో పోస్తే ఊపిరికి అడ్డం పడుతుందని. అందుకని ఒక గుక్క పొట్ట కింద తడిపాడు. ఒక గుక్క తొడల సందుల్లో, చంకల్లో తడిపాడు. ఒక గుక్క నాలుగు పాదాలకీ రాశాడు. బుర్ర ఖాళీ అయింది. తుమ్మెదని రెండు చేతుల మీదా ఎత్తుకుని, గెడ్డ వైపు కొండ దిగాడు.

గెడ్డలో ఏముంది? ఇసక. సుక్రన్న గట్టు నీడలో కుక్కని పడుకోబెట్టి, చేతులతో చెలమ తవ్వాడు. మోచేతి లోతు తవ్వితే వేడి ఇసక. ఇంకోచోట తవ్వాడు. గోళ్ళు విరిగి నెత్తురొచ్చింది కానీ నీటి చెమ్మ రాలేదు. మూడోచోట ఎక్కడ తవ్వాలో తెలీక తలెత్తి చూశాడు.

ఇసకలో గిట్టల జాడ కనిపించింది. పంది జాడ. అది తూలుకుంటూ గెడ్డ వెంట పైకి వెళ్ళింది. సుక్రన్నకి ఒక్కసారిగా తెలిసింది. తరిమినదానికెంత దాహమో, తరమబడినదానికీ అంతే దాహం. దాహంతో ఉన్న పంది ఊరికే నడవదు.

తుమ్మెదని మళ్ళీ ఎత్తుకుని ఆ జాడ పట్టుకుని వెళ్ళాడు. మలుపు తిరిగాడు. అక్కడ పెద్ద బండ నీడలో పంది మూతితో ఇసకంతా ఎగదోసి గొయ్యి చేసుకుంది. ఆ గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. పంది అందులోనే పడుకుని రొప్పుతోంది.

నీకు తెలుస్తోందా తల్లీ? బాణం వదిలి ఉంటే పంది లేదు. పంది లేకపోతే ఆ నీళ్ళు లేవు. సుక్రన్న తుమ్మెదని గట్టు నీడలో దించాడు.

పంది అతన్ని చూసింది, కానీ లేవలేదు. అతను పందిని చూశాడు, కానీ దగ్గరికి పోలేదు. పది బారల దూరంలో, గెడ్డ దిగువన, ఆ నీటి ఊటే ఇసక లోపల్నించి దిగే చోట తవ్వాడు. చల్లటి నీళ్ళు వేళ్ళకి తగిలాయి.

ముందు తలపాగా తడిపి తుమ్మెద మీద కప్పాడు. కాసేపటికే గుడ్డ వేడెక్కి, ఆవిరి పట్టినట్టయింది. అది తీసి అవతల పడేశాడు. అప్పుడు దోసిళ్ళతో నీళ్ళు పోస్తూ, అడ్డాకుల కొమ్మతో విసురుతూ కూర్చున్నాడు. పోశాడు, విసిరాడు. పోశాడు, విసిరాడు. ఎన్ని దోసిళ్ళో లెక్కలేదు. "నా పాపిష్టి పంతం నిన్ను సంపేసిందే" అంటూ ఏడ్చాడు కూడా.

ముందు ఆ రొప్పు తగ్గింది. ఆ తర్వాత చెవి కొస కదిలింది. ఆ తర్వాత తోక ఒక్కసారి తడి ఇసక మీద తపుక్కుమంది. ఒక్కసారే. సుక్రన్న నెమ్మదిగా దోసిలి మూతి దగ్గర పెట్టాడు. తుమ్మెద నాకింది. గబగబా పట్టలేదు, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి పట్టాడు.

పొద్దు వాలింది. పంది లేచి ఒళ్ళు దులుపుకుని అడవిలోకి వెళ్ళిపోయింది. వెళుతూ ఒకసారి వెనక్కి చూసిందని మా అమ్మమ్మ చెప్పేది. చూసిందో లేదో నాకు తెలీదు, నేను కూడా చూసిందనే చెబుతాను.

ఇప్పుడు ఊరి మొదట్లో తాడు దగ్గరికి వద్దాం. మగవాళ్ళంతా వచ్చేశారు. దండలు అయిపోయాయి, డప్పులు మోగుతున్నాయి. సుక్రన్న ఒక్కడే మిగిలాడు. ఆడవాళ్ళు పేడనీళ్ళ కడవలు పట్టుకుని, కొంగులు దోపుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు దాలమ్మే నిలబడింది, పండగ పండగే కదా మరి.

సుక్రన్న వచ్చాడు. భుజాన విల్లు లేదు, కొండ మీదే వదిలేశాడు. చేతుల మీద తుమ్మెద. మూడో ఏడు కూడా ఉత్త చేతులే. మరదళ్ళు పాట ఎత్తుకున్నారు. "సుక్రన్న వచ్చాడు సూడరే..."

అతను తాడు ముందు ఆగాడు. తుమ్మెదని గట్టు పక్కన గడ్డి మీద పడుకోబెట్టాడు. అప్పుడు దానికి దూరంగా వచ్చి నిలబడి, తల వంచాడు.

"నా మీద ఎన్ని కడవలైనా పోయండి. ఒక్క కడవ మంచినీల్లు మాత్రం దాని మీద పోయండి" అన్నాడు.

పాట ఆగిపోయింది. దాలమ్మ తుమ్మెద దగ్గరికెళ్ళి కూర్చుంది. పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, పాదాలు తిప్పి చూసింది. అరికాళ్ళు పొక్కి ఉన్నాయి. అన్నీ అర్థమయ్యాయి. లేచి వచ్చింది. తన కడవ పేడనీళ్ళు మొగుడి నెత్తి మీద ఆఖరి చుక్క దాకా కుమ్మరించింది. ఆ తర్వాత కడవ కడిగి, ఊటబావి నుంచి చల్లటి నీళ్ళు తెచ్చి తుమ్మెదకి పోసింది. పేడలో తడిసిన సుక్రన్న పక్కనే కూర్చుని అడ్డాకుతో విసిరాడు. అతనికి ఆ రోజు తల కొట్టేసినట్టు లేదట. కడిగేసినట్టు ఉందట.

ఆ తర్వాత నెల రోజులకి తుమ్మెద లేచి నడిచింది.

మరుసటి ఏడు మళ్ళీ వేట పండగ వచ్చింది. తాడు దగ్గర కడవల వరస మారింది. ముందు వరసలో మంచినీళ్ళ కడవలు. దాలమ్మ చెప్పింది, ముందు కుక్కని చూస్తాం, వేటని తర్వాత చూస్తామని, కుక్క నలిగి వస్తే వేట తెచ్చినా పేడనీళ్ళేనని. మగవాళ్ళు నవ్వుకున్నారు. గురన్న నవ్వలేదు, మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు సుక్రన్న అందరికంటే ముందు వచ్చేశాడు. ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు. చేతుల్లో వేట లేదు. పక్కన తుమ్మెద, నాలుక కాస్త బయటపెట్టి, తోక వంకీ తిప్పుకుని నడిచొచ్చింది. దాలమ్మ దాని నోరు చూసింది, పాదాలు చూసింది. తాడు దించేసింది. నాలుగేళ్ళలో మొదటిసారి సుక్రన్న పొడి బట్టలతో ఊళ్ళోకి వచ్చాడు. మరదళ్ళు ఊరుకుంటారా, పాట మార్చి పాడారు.

"సుక్రన్న వచ్చాడు సూడరే,
సల్లంగ తుమ్మెదని తెచ్చాడు సూడరే."

సాయంత్రానికి గురన్న వచ్చాడు. వెనక నలుగురి భుజాల మీద కణుజు, అంటే కొండదుప్పి, పెద్ద కొమ్ములు. అలాంటి వేట ఆ ఊళ్ళో పదేళ్ళుగా ఎవరూ తేలేదు. డప్పులవాళ్ళు డప్పులెత్తారు. దాలమ్మ ఆయన కుక్క దగ్గర కూర్చుని ఒక్కో కాలూ ఎత్తి చూసింది. మూడో కాలు ఎత్తేసరికి కుక్క వెనక్కి లాక్కుంది. అరికాలి తోలు ఊడి వేలాడుతోంది. నాలుక పొడిగా ఉంది.

గురన్న మీద పేడనీళ్ళు పోసేంత ధైర్యం ఎవరికుంది? దాలమ్మ చేతిలో కడవ అలాగే ఉంది.

గురన్న కుక్క కాలు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కణుజుని నేల మీద దింపించి, బరిసె పక్కన పెట్టాడు. దాలమ్మ దగ్గరికెళ్ళి, ఆమె చేతిలోంచి కడవ తానే తీసుకున్నాడు. తెల్లటి మీసాల మీంచి, నలభై ఏళ్ళ పెద్దరికం మీంచి, కడవెడు పేడనీళ్ళు తానే గుమ్మరించుకున్నాడు.

"మా తాతా సూడనేదు, నానూ సూడనేదు. ఇకమీదట సూసుకుందాం" అన్నాడు. అని, మంచినీళ్ళ కడవ అందుకుని కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఉసిరిగెడ్డలో ఎండాకాలమంతా కుక్క తాగాకే మనిషి తాగేవాడు. తొలి కడవకి తుమ్మెద కడవ అని పేరు. వేట పోయింది, విల్లులు పోయాయి. ఆ కొండల్లో ఇప్పటికీ ఇంటి ముందు కుక్కల కోసం నీళ్ళ తొట్టి పెడతారని మా అమ్మమ్మ చెప్పేది.

ఎక్కడికే లేస్తున్నావు? ఓహో. సరే, వెళ్ళు. గిన్నె నిండా పోయకు, ఒలుకుతుంది. బిస్కెట్‌గాడి పాదాలు కూడా ఒకసారి తిప్పి చూసిరా. చూశావా? బాగున్నాయా? తోక ఊపాడా? అదీ, అలా వచ్చి పడుకో. రేపు బంతాట పొద్దున్నే, పాలవాడు వచ్చే వేళకి. ఇప్పుడు నాతోపాటు అను.

కాలే బండ ముందు కాలు ఆగాలి,
కొండ నీడలోన కునుకు సాగాలి,
తొలి కడవ నీళ్ళు తుమ్మెద తాగాలి,
మలి కడవ నీళ్ళు మనం తాగాలి.
కథమ్మ కంచికి కదిలి పోవాలి,
కన్నమ్మ ఇంట్లోనే కళ్ళు మూయాలి.